పక్కన మనిషి లేకపోతే పెన్ను కదలడం లేదు

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, సొంతూరు మదనపల్లె. మా అబ్బాయికి పన్నెండేళ్ళు, సీబీఎస్ఈలో ఏడో తరగతి. ఏడీహెచ్‌డీతో (ధ్యాస, కుదురు నిలవని సమస్య) పాటు ఆటిజం కూడా ఉందని కిందటేడు డాక్టర్లు తేల్చారు. పాఠం నోటితో అడిగితే గడగడా చెబుతాడు. హోంవర్కు మాత్రం నేను పక్కన కూర్చుంటేనే. కుక్కర్ కట్టెయ్యడానికి లేచానా, పెన్ను ఆగిపోతుంది. తంటాలు పడి పూర్తి చేయించిన నోట్సు కూడా టీచరుకివ్వకుండా బ్యాగులోనే తిరిగి తెచ్చేస్తాడు. మావారు బద్ధకం అంటారు. అత్తయ్య నా గారాబమే అంటారు. వచ్చే ఏడు ఎనిమిదో తరగతి. వాడంతట వాడు చేసుకోవాలంటే నేనేం చెయ్యాలి?
ఒక తల్లి, బెంగళూరు

జవాబు: మీ అబ్బాయికి పాఠం వచ్చు. రానిది పాఠం చుట్టూ ఉన్న మూడు పనులు: మొదలుపెట్టడం, ఆగిన చోట మళ్ళీ అందుకోవడం, చివరిదాకా తెచ్చి అప్పగించడం. ఈ మూడూ తెలివితేటలతో పాటు వచ్చేవి కావు, విడిగా నేర్పాలి. ప్రస్తుతం ఈ మూడింటినీ మీ గొంతే నడిపిస్తోంది. ‘పుస్తకం తియ్యి’, ‘ఆ తర్వాతది’, ‘ఎక్కడ చూస్తున్నావ్’, ‘బ్యాగులో పెట్టావా’. ఈ మాటల్ని ముందు చీటీలు, ట్రేల రూపంలో బల్ల మీదికి మార్చాలి. తర్వాత ఆ బల్ల సర్దే పనిని బాబుకే అప్పగించాలి. ఇంట్లో చార్టులు అతికించి విసిగిపోయిన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఆగిపోయేది ఈ రెండో అడుగు దగ్గరే.

ఏదీ మార్చకుండా ముందు నాలుగు బడి రోజులు గమనించండి. ఒక కాగితం మీద మూడు విషయాలే రాయండి: కూర్చున్నాక మొదటి అక్షరం పడడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, సరిగ్గా ఎక్కడ ఆగాడు, మొత్తమ్మీద మీరు ఎన్నిసార్లు నోరు తెరిచారు. మూడోదానికి గీతలు గీస్తే చాలు. పని మొదలవ్వకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, ఒక్కోదానికి మందు ఒక్కోటి. మొదటి అడుగేమిటో తెలియక ఆగితే దాన్ని రాసి చూపించాలి. పని కొండంత కనిపించి ఆగితే తగ్గించాలి. రాయడమే నొప్పిగా, నెమ్మదిగా ఉంటే ఎన్ని చార్టులు పెట్టినా లాభం లేదు, రాత భారాన్ని తగ్గించాలి. ఫోన్ చూస్తూ దాన్ని వదల్లేక ఆగుతున్నాడేమో కూడా చూడండి. కన్నడ హోంవర్కు దగ్గర ఇంకో సంగతి ఉండొచ్చు. తెలుగు ఇళ్ళలో చాలాసార్లు అది మొండితనంలా కనిపిస్తుంది గానీ అసలు ప్రశ్నే అర్థమై ఉండదు. ఎదురు ఫ్లాట్లో కన్నడవాళ్ళెవరైనా ఉంటే ఆ వారం ప్రశ్నల్ని ఒక్కసారి చదివించి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. దాంతోనే సగం గొడవ తీరడం మామూలే.

ఇక మొదలుపెట్టడం. అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే కాబట్టి దీని మీద ఎక్కువ రోజులు పెట్టండి.

‘హోంవర్కు చేసుకో’ అంటే ఇలాంటి పిల్లలకు ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. మొదటి అడుగు రెండు నిమిషాల్లోపు అయిపోవాలి, చేత్తో చేసేదై ఉండాలి, ఆలోచన అక్కర్లేనిదై ఉండాలి. ‘లెక్కల నోట్సు తెరిచి తేదీ వెయ్యి’ అన్నది అలాంటిది. దాన్ని గడియారంలో టైముకి కాకుండా ఇంట్లో రోజూ జరిగే ఒక పనికి ముడివెయ్యండి. బెంగళూరులో ఇది మరీ ముఖ్యం. అవుటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌ని బట్టి స్కూలు బస్సు ఒకరోజు నాలుగింటికి వస్తే ఇంకోరోజు దాదాపు అయిదవుతుంది. ‘4.30కి చదువు’ అని రాసి పెడితే వారంలో రెండు రోజులు అది అబద్ధమవుతుంది. ఆటిజం ఉన్న పిల్లవాడికి చెప్పిన టైము తప్పడమే పెద్ద అలజడి. దాని బదులు బాబు చేతే ఈ వాక్యం రాయించండి (ఫోల్డర్ల సంగతి కాసేపట్లో చెబుతాను): ‘పాలు తాగిన గ్లాసు సింకులో పెట్టగానే బల్ల దగ్గర కూర్చుని పై ఫోల్డరు తెరుస్తాను.’ ఇది జరగగానే అది చేస్తాను అన్న ఈ ఒప్పందం ఉత్త సంకల్పం కన్నా బాగా పనిచేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లోనే వివరించారు. వాక్యం బాబు సొంత మాటల్లో, సొంత చేతిరాతలో ఉండాలి. మీరు రాసి అంటిస్తే అది మీ గొంతే అవుతుంది, అచ్చయిందంతే.

బడి నుంచి రాగానే మాత్రం కూర్చోబెట్టకండి. ముప్పావుగంట వరకు తిండి, కింద సైకిలు తొక్కడమో, ఆడుకోవడమో ఉండనివ్వండి. ఒక వీడియో అయిపోగానే ఇంకోటి మొదలయ్యే ఫోన్ మాత్రం ఆ టైములో వద్దు. దాన్ని ఆపడం ఇంకో యుద్ధమవుతుంది, అసలు పనికి ఓపిక మిగలదు.

బల్ల మీద ఏముండాలి? అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఆటిజం పిల్లల కోసం రూపొంది, 1972లో రాష్ట్రమంతటా అమలుకు వచ్చిన టీచ్ (TEACCH) కార్యక్రమం దీనికి చక్కటి పద్ధతి ఇచ్చింది. కూర్చున్న పిల్లవాడికి ఎవరూ చెప్పకుండానే నాలుగు జవాబులు కనిపించాలి: ఏ పని, ఎంత పని, అయిపోయిందని ఎలా తెలుస్తుంది, ఆ తర్వాత ఏమిటి. మీ ఇంట్లో దీనికి కావాల్సింది రెండు ప్లాస్టిక్ ట్రేలు, బటన్ ఫోల్డర్లు మూడు. ఎడమ ట్రే చెయ్యాల్సినవాటికి, కుడి ట్రే అయిపోయినవాటికి. ఒక్కో ఫోల్డర్లో ఒక్క పని. దానికి కావాల్సిన పుస్తకం, నోట్సు, వర్క్‌షీట్, స్కేలు అన్నీ అందులోనే ఉండాలి. కంపాస్ బాక్సు కోసం లేచిన పిల్లవాడు తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫోల్డరు మీద చిన్న చీటీ: ‘లెక్కలు, పేజీ 84, 1 నుంచి 4 వరకు. నాలుగోది కాగానే కుడి ట్రేలో పెట్టాలి.’ ఆఖరి ఫోల్డర్లో ఇష్టమైనది ఏదైనా పెట్టండి, బొమ్మలు గీసే పుస్తకమైనా, రూబిక్స్ క్యూబైనా. తర్వాత ఏమిటి అన్నదానికి అదే జవాబు.

ఈ ఏర్పాటు చెడిపోయే మార్గాలు కొన్ని ఉన్నాయి. ట్రేలో ఆరు ఫోల్డర్లుంటే చూడగానే లేచి వెళ్ళిపోతాడు, మూడు దాటొద్దు. చీటీ మీద ‘సైన్సు చదవాలి’ అని ఉంటే అది ఎక్కడ అయిపోతుందో ఎవరికీ తెలియదు. ‘3వ పాఠం మొదటి రెండు పేజీలు చదివి, వెనకున్న ప్రశ్నల్లో 1, 2 జవాబులు నోటితో చెప్పి ఫోన్‌లో రికార్డు చెయ్యాలి’ అని రాస్తే దానికి మొదలూ చివరా వస్తాయి. మొదటి ఫోల్డర్లో కష్టమైనది పెట్టడం ఇంకో పొరపాటు. కొన్నాళ్ళు అందులో సగం చేసిన లెక్క పెట్టి చూడండి. మొదటి రెండు స్టెప్పులు మీరు రాసి ఉంచండి, మిగతావి బాబు రాస్తాడు. తెల్ల కాగితం కన్నా సగం నిండిన కాగితాన్ని అందుకోవడం తేలిక.

ఫోల్డర్లు నింపడం మొదటి రెండు వారాలు మీరే చెయ్యండి. మూడో వారం డైరీ చూసి బాబు చెబుతుంటే మీరు రాయండి. అయిదో వారం నుంచి చీటీలు బాబు రాస్తాడు, మీరు కళ్ళతో ఒకసారి చూస్తారు. పెద్ద పనిని ఇలా ముక్కలు చేసుకోవడమే ముందు ముందు కాలేజీలో అక్కరకొచ్చే విద్య.

కొనసాగించడం దగ్గర నిమిషాలకన్నా లెక్క మేలు. ఆటిజం ఉన్న పిల్లలు లెక్క మధ్యలో అలారం మోగితే ఉలిక్కిపడతారు, చేతిలో పని వదల్లేక కోపం తెచ్చుకుంటారు. కాబట్టి ‘పది నిమిషాలు’ బదులు ‘నాలుగు లెక్కలు, తర్వాత విరామం’ అనండి. ఎన్ని లెక్కలన్నది మీ పరిశీలన కాగితమే చెబుతుంది. అయిదో లెక్క దగ్గర ఆగుతుంటే నాలుగుకి గీత గీయండి. వరసగా మూడు రోజులు సాఫీగా జరిగాక ఒకటి పెంచండి. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అని పెద్దవాళ్ళ కోసం ప్రచారంలో ఉన్న పద్ధతి ఏడో తరగతి పిల్లవాడికి మొదట్లోనే పెట్టకండి. విరామం మూడు నుంచి అయిదు నిమిషాలు. ఒళ్ళు కదిలేదై ఉండాలి: మంచినీళ్ళు తాగి రావడం, ఒక అంతస్తు మెట్లెక్కి దిగడం, గోడని రెండు చేతులతో గట్టిగా నెట్టడం.

టైము ఎంత గడిచిందో ఒంటికి తెలియకపోవడం ఏడీహెచ్‌డీలో మామూలు. ముల్లున్న గోడగడియారం ఒకటి బల్లకెదురుగా పెట్టి, దాని అద్దం మీద వైట్‌బోర్డు మార్కరుతో ఇప్పటి నుంచి పని అయ్యేదాకా ఉన్న భాగాన్ని రంగుతో నింపమనండి. ముల్లు ఆ రంగుని దాటుతుంటే టైము కంటికి కనిపిస్తుంది. డిజిటల్ అంకెలు ఆ పని చెయ్యలేవు. చీటీ మూలన రెండు అంకెలు కూడా రాయించండి: ఎంతసేపు పడుతుందనుకున్నాడు, నిజానికి ఎంత పట్టింది. ‘గంట పడుతుంది’ అనుకున్న వర్క్‌షీట్ 14 నిమిషాల్లో అయిందని తన రాతలోనే చూసుకుంటే మర్నాడు మొదలుపెట్టడానికి అంత భయముండదు.

మధ్యలో ఆగడాన్ని మనం వెంటనే ‘ధ్యాస లేదు’ అనేస్తాం. చాలాసార్లు అక్కడ ఏదో అర్థం కాలేదు, ఇప్పుడేం చెయ్యాలో తెలియదు, అంతే. అందుకని బల్ల మీద ఒక కార్డు ఉంచండి. ఆగితే ముందు ప్రశ్నని పైకి చదవాలి. తర్వాత పుస్తకంలో చేసి చూపించిన లెక్క చూడాలి. అప్పటికీ రాకపోతే పక్కన చుక్క గుర్తు పెట్టి తర్వాతదానికి వెళ్ళాలి. మూడు చుక్కలయ్యాక అమ్మని పిలవాలి. పిలిచినప్పుడు విసుక్కోకుండా వెళ్ళండి. సాయం అడగడం కూడా సొంతంగా పనిచేసుకోవడంలో భాగమే, అది చేతకాకపోతే పిల్లలు గంటలకొద్దీ మౌనంగా కూర్చుంటారు.

శబ్దాల సంగతి ఒక్కో పిల్లవాడికి ఒక్కోలా ఉంటుంది. పై ఫ్లాట్లో డ్రిల్లింగుకి తల పట్టుకునేవాడికి ఫ్యాను హోరు హాయిగా ఉండొచ్చు. చెవులు మూసే హెడ్‌ఫోన్ మూడు రోజులు, మాటల్లేని సంగీతం మూడు రోజులు, ఏమీ లేకుండా మూడు రోజులు పెట్టి, ఎప్పుడు ఎక్కువ ఫోల్డర్లు అయ్యాయో చూడండి. నిలబడి రాస్తానంటే రాయనివ్వండి. చేతిలో ఏదో తిప్పుతూ ఉంటే అదీ ఉండనివ్వండి.

మీరు ఎలా తప్పుకోవాలన్నదే అసలైన నైపుణ్యం. ఒక్కసారిగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోతే పని ఆగిపోవడం ఖాయం. ముందు మానాల్సింది మాట. సాయాలన్నిటిలోకీ మాట వదిలించుకోవడం కష్టం, ఎందుకంటే అది గాల్లో కలిసిపోతుంది, పిల్లవాడు మళ్ళీ చూసుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే తర్వాతి మాట కోసం ఎదురుచూడటం అలవాటవుతుంది. ఆగినప్పుడు మాట్లాడకుండా చీటీ వైపు వేలు చూపించండి. మనసులో పది వరకు లెక్కపెట్టండి. మనకి అది యుగంలా అనిపిస్తుంది, బాబుకి ఆలోచన కూడగట్టుకోవడానికి ఆ కాస్త టైము కావాలి. అప్పటికీ కదలకపోతే చీటీని కొంచెం దగ్గరికి జరపండి. మాట ఆఖరిది.

మాటలు తగ్గాక కుర్చీ కదలాలి. మొదట పక్కనే కూర్చుని మీ పని మీరు చేసుకోండి, చిక్కుడుకాయలు వలుచుకున్నా, ఆఫీసు మెయిల్ చూసుకున్నా సరే, బాబు నోట్సులోకి మాత్రం తొంగిచూడొద్దు. తర్వాత బల్లకి అవతలి వైపు. తర్వాత అదే గదిలో గుమ్మం దగ్గర. తర్వాత వంటింట్లో ఉంటూ అయిదు నిమిషాలకోసారి వచ్చి కుడి ట్రే చూసి వెళ్ళడం, అది పది నిమిషాలకోసారి కావడం, చివరికి మొదట్లో ఒకసారి, అయ్యాక ఒకసారి. అయిదు రోజుల్లో నాలుగు రోజులు మీరు నోరు విప్పకుండానే అయిదు నిమిషాల్లోపు మొదలుపెడితే ఒక మెట్టు దిగండి. రెండు రోజులు వరసగా జారిపోతే ఒక్క మెట్టు వెనక్కి, మొదటికి కాదు. దసరా సెలవులయ్యాక, సంక్రాంతికి ఊరెళ్ళొచ్చాక, జ్వరం తగ్గాక ఇలా జారడం సహజం. కుర్చీ మార్చిన వారంలోనే ట్రేల పద్ధతి కూడా మార్చకండి. రెండూ ఒకేసారి కదిలితే ఏది చెడగొట్టిందో తెలియదు.

ట్రేలు, చీటీలు ఎప్పుడు తీసెయ్యాలని అడుగుతారేమో. తియ్యక్కర్లేదు. తగ్గించుకోవాల్సింది మీ సాయం, వస్తువులు పెద్దయ్యాక కూడా బాబు దగ్గరే ఉండొచ్చు. ఎదురుగా ఇంకో మనిషి పని చేసుకుంటుంటే తనకీ పని సాగుతుందనుకుంటే అదీ తప్పు కాదు. రాత్రి ఎనిమిదికి మీవారు అదే బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరుచుకుని మాట్లాడకుండా కూర్చుంటే ఆ సాయం ఆయన కూడా చేసినట్టే.

పూర్తి చెయ్యడానికి మూడు గడపలున్నాయి: పని అవ్వాలి, బ్యాగులోకి వెళ్ళాలి, టీచరు చేతికి చేరాలి. మీ బాబు మూడో గడప దగ్గర ఆగుతున్నాడు. ఒకే ఒక్క ఎర్ర ఫోల్డరు కొనండి. ఇవ్వాల్సినవన్నీ అందులోనే, అది బ్యాగు ముందు జిప్పులోనే. దీనికీ ఒక ఒప్పంద వాక్యం కావాలి: ‘హాజరు పిలిచి నా పేరు రాగానే ఎర్ర ఫోల్డరు బల్ల మీద పెడతాను.’ ఆ టైములో ఫోల్డరు కోసం చెయ్యి చాపమని క్లాస్ టీచరుని మొదటి రెండు వారాలు అడగండి. బ్యాగు సర్దడం నేర్పేటప్పుడు చివరి నుంచి వెనక్కి రండి. మొదట అంతా మీరు సర్ది, జిప్పు మాత్రం బాబు వెయ్యాలి. కొన్ని రోజులకి ఎర్ర ఫోల్డరు పెట్టి జిప్పు వెయ్యాలి. ఇలా అయితే ప్రతిరోజూ పని బాబు చేతి మీదుగానే ముగుస్తుంది. చక్కగా సర్దిన బ్యాగు ఫొటో ఒకటి తలుపు వెనక అంటిస్తే ‘అయిపోవడం’ అంటే ఏమిటో మీరు చెప్పక్కర్లేదు.

సరిగ్గా రాలేదని చెరిపి చెరిపి కాగితం చిరిగేదాకా వచ్చే పిల్లలైతే ఒక్కో జవాబుకి ఒక్క చెరుపే అని ముందే ఒప్పుకోవాలి. ఆ రోజు పూర్తికానిది ఉంటే అలాగే మూసెయ్యకుండా ‘రేపు ఇక్కడి నుంచి: 6వ లెక్క, రెండో స్టెప్పు’ అని చీటీ అంటించి పెట్టాలి. మర్నాడు మొదలుపెట్టడం ఈ చీటీ వల్లే సులువవుతుంది.

ఇక ఇంట్లో పెద్దవాళ్ళ మాట. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన ఫిలిప్ షా బృందం పిల్లల మెదడు స్కాన్లు పోల్చి చూసింది. మెదడు పైపొరలో సగం భాగం పూర్తి మందానికి చేరే వయసు మిగతా పిల్లల్లో ఏడున్నరేళ్ళు, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళలో పదిన్నరేళ్ళు అని తేలింది. పనిని మొదలుపెట్టి నడిపించే ముందు భాగంలోనే ఆ ఆలస్యం ఎక్కువ కనిపించింది. ఇది గుంపు మొత్తం మీద లెక్క, మీ బాబు కొలత కాదు. అయినా పన్నెండేళ్ళవాడికి తొమ్మిదేళ్ళవాడికి ఇచ్చే తోడు ఇవ్వడం గారాబం కాదని అత్తయ్యగారికి ధైర్యంగా చెప్పొచ్చు. మీవారికి ఇంకో మాట కూడా చెప్పండి. హోంవర్కు చెయ్యలేదని ఆట మాన్పించడం ఎదురు తిరుగుతుంది, ఆ కదలిక పోతే మర్నాడు కూర్చోవడం ఇంకా కష్టమవుతుంది. మెచ్చుకోలు మాత్రం వెంటనే, చిన్నదిగా, జరిగినదాని పేరు పెట్టి ఉండాలి: ‘గ్లాసు పెట్టగానే కూర్చున్నావు.’ నెలాఖరుకి సైకిల్ కొంటానన్న మాట ఈ సాయంత్రం పనికి సాయపడదు.

బడిలో రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి. హోంవర్కు నోటితో చెప్పకుండా బోర్డు మీద రాయాలి లేదా డైరీ యాప్‌లో పెట్టాలి. ఒకే రకం లెక్కలు పదిచ్చినప్పుడు బాబుకి అయిదు చాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఉంది, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలూ (చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేకంగా ఉండే ఇబ్బందులు) ఉన్నాయి, ఏడీహెచ్‌డీని మాత్రం విడిగా చేర్చలేదు. అందుకే ఆటిజం నిర్ధారణ కాగితం ఇప్పుడే భద్రపరిచి, యూడీఐడీ కార్డుకి (ప్రభుత్వం దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు) దరఖాస్తు చేసుకోవడం మంచిది. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో అర్హులైన పిల్లలకు మూడు గంటల పేపరుకి మరో గంట ఇస్తారు. ఆ కాగితాలు పదో తరగతిలో పరుగెత్తి తెచ్చుకునేవి కావు.

రాత కష్టంగా ఉందని మీ పరిశీలనలో తేలితే, లేదా చదవడంలోనే తడబాటు ఉంటే, అభ్యసన వైకల్యం పరీక్ష చేయించండి. హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉంది. బాబు ఏడీహెచ్‌డీకి మందు వాడుతుంటే, సాయంత్రానికి దాని ప్రభావం తగ్గుతోందేమో డాక్టరుని అడగండి, మోతాదు మాత్రం మీ అంతట మీరు మార్చొద్దు. నిద్ర సరిగా లేకపోయినా, బాగా గురక పెడుతున్నా అదీ చెప్పండి. ఇన్నాళ్ళూ చేస్తున్న పనులు కూడా ఉన్నట్టుండి మానేసినా, బడి పేరెత్తితే కడుపునొప్పి అంటున్నా, ‘నేను ఉండకపోతే బాగుండు’ లాంటి మాటలు వచ్చినా, ట్రేలు పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.